ఉద్యోగం, పిల్లలు, ఇంటి పనుల మధ్య ఆహార నియమమూ వ్యాయామమూ నిలబడేదెలా?

ప్రశ్న – తొలిపొద్దు

నమస్కారం. నాకు నలభై దాటి కొంతకాలమైంది. నేనూ మా వారూ ఇద్దరమూ ఉద్యోగాలు చేస్తున్నాము. పెద్దబ్బాయి హైస్కూల్లోనూ చిన్నమ్మాయి ప్రాథమిక పాఠశాలలోనూ చదువుతున్నారు. మా అత్తగారు మాతోనే ఉంటున్నారు. ఈమధ్య రక్తపరీక్ష చేయించుకుంటే, రక్తంలో చక్కెర ఎలా ఉన్నదో తెలిపే హెచ్‌బీఏ1సీ 6.1 శాతం వచ్చింది. మధుమేహం ఇంకా రాలేదు గానీ దాని ముంగిట ఉన్నారని డాక్టరు గారు చెప్పి, బరువు కొంత తగ్గించుకోవాలని, వారంలో ఎక్కువ రోజులు ఒంటికి శ్రమ ఇవ్వాలని, తీపినీ పిండిపదార్థాలనూ అదుపులో పెట్టాలని సూచించారు.

ఏమి చేయాలో తెలియక అడుగుతున్న ప్రశ్న కాదిది. చేయవలసినవేమిటో నాకు కంఠతా వచ్చు. అవి మా ఇంట్లో ఎందుకు ఇమడడం లేదన్నదే నా బాధ. నా కోసం వేరుగా వండుకోవడం మొదలుపెడితే, అందరి వంటతో కలిపి పొయ్యి దగ్గర నిలబడే సమయం దాదాపు రెట్టింపయింది. సాయంత్రం జిమ్‌కు వెళ్దామనుకుంటే సరిగ్గా ఆ వేళకే పిల్లల హోంవర్కు, రాత్రి వంట, మరునాటి ఏర్పాట్లు మీద పడతాయి. తెల్లవారుజామున లేద్దామంటే రాత్రి పనులన్నీ ముగిసేసరికే బాగా పొద్దుపోతున్నది. పగలంతా నియమంగానే తింటాను. ఆఫీసు నుంచి వచ్చి వంటగదిలో అడుగుపెట్టేసరికి మాత్రం ఆకలి ఎంతగా ఉంటుందంటే, కూర ఉడికేలోపల చేతికందినదల్లా నిలబడే తినేస్తాను, ఆ పైన పిల్లల కంచాల్లో మిగిలినవి పారేయలేక అవీ తింటాను.

ఇంట్లో ఎవరూ వద్దనరు. మా వారు "నీకు ఎలా వీలైతే అలా చేసుకో" అంటారు. అయితే ఆ వీలు ఎక్కడి నుంచి రావాలన్నది మాత్రం నేనే చూసుకోవాలి. ఒక రోజు తప్పితే ఆ వారమంతా తప్పుతున్నది. పొద్దుటి వ్యాయామం మేలా, సాయంత్రానిది మేలా? వేరే వంట మానవచ్చునా? ఇది నా సొంత సరదా వ్యవహారంగా కాక ఇంటి వ్యవహారంగా మారాలంటే ఏమి చేయాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు – నడక

తొలిపొద్దు గారూ, నేను వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్టును. మీ మొదటి ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, మీ అవసరానికి పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య ఉన్న తేడా పట్టించుకోవలసినంతది కాదు. రోజులో ఏ సమయం మీద ఇంట్లో మరెవరికీ హక్కు లేదో అదే మీకు మంచి సమయం.

ముందు మీరు చేరుకోవలసిన లెక్క ఎంతో చూద్దాం, ఎందుకంటే చాలామంది దాన్ని ఉన్నదానికన్నా పెద్దదిగా ఊహించుకుని బెదిరిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి శ్రమ, దానితోపాటు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కావాలి. మధ్యస్థాయి అంటే, నడుస్తూ మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. అంతకు ముందు 2010లో వచ్చిన మార్గదర్శకాలు ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉండాలని చెప్పేవి. 2020లో ఆ షరతును తీసివేశారు. కాబట్టి ఆరేడు నిమిషాలు వేగంగా మెట్లెక్కి దిగినా, పాపను బడి నుంచి తీసుకువచ్చేటప్పుడు చకచకా నడిచినా అదీ లెక్కలోకి వస్తుంది.

మీ పరిస్థితికి దగ్గరగా ఉన్న పరిశోధన ఒకటి చెబుతాను. రక్తంలో చక్కెర మధుమేహానికి ముందు దశలో ఉన్న మూడు వేలకు పైగా మందితో అమెరికాలో నిర్వహించి, 2002లో ఫలితాలు ప్రచురించిన మధుమేహ నివారణ కార్యక్రమంలో ఒక బృందానికి రెండే లక్ష్యాలు ఇచ్చారు: శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల పాటు వేగంగా నడవడం వంటి శ్రమ చేయడం. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న బృందంతో పోలిస్తే వీరిలో మధుమేహం 58 శాతం తక్కువగా వచ్చింది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మందు తీసుకున్న బృందంలో ఆ తగ్గుదల 31 శాతం. ఇందులో నాకు మరింత ముఖ్యంగా తోచేది ఇంకొకటి ఉంది. ఆ బరువు లక్ష్యాన్ని 24 వారాల నాటికి అందుకున్నవారు సగం మందే. అంటే మిగిలిన సగం మందినీ కలుపుకునే ఆ 58 శాతం వచ్చిందన్నమాట. లక్ష్యం పూర్తిగా చేరలేకపోతే చేసినదంతా వృథా అనే లెక్క ఇక్కడ చెల్లదు.

జిమ్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. జిమ్ చెడ్డదని కాదు. వెళ్లడానికి, రావడానికి, బట్టలు మార్చుకోవడానికి పట్టే సమయం కూడా మీ సాయంత్రం నుంచే పోతుంది. రాత్రి భోజనమయ్యాక పది, పదిహేను నిమిషాలు నడవండి. తిన్న వెంటనే కండరాలు పని చేస్తే రక్తంలోకి చేరుతున్న చక్కెరను అవి వాడుకుంటాయి, కాబట్టి మీకు ఆ వేళ నడక ప్రత్యేకంగా పనికివస్తుంది. బలం కోసం రెండు రోజులు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, గోడకు అరచేతులు ఆనించి ఒంటిని ముందుకు వంచి వెనక్కు నెట్టడం, బరువున్న సంచిని నడుము వంచకుండా మోకాళ్లు మడిచి ఎత్తి దించడం చాలు. ఆఖరి రెండు మూడు సార్లు కష్టంగా అనిపించాలి; అలా అనిపించకపోతే సంచిలో ఇంకొంచెం బరువు వేయండి.

జవాబు – గరిటె

వ్యాయామం గురించి పైన చెప్పారు కాబట్టి నేను వంట సంగతికే పరిమితమవుతాను. వేరే వంట తప్పకుండా మానండి. మీకు మంచిదైన తిండి మీ ఇంట్లో ఎవరికీ చెడ్డది కాదు. వండేది ఒకటే ఉండనివ్వండి, తేడా వడ్డనలో చూపండి. మీ కంచంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పుధాన్యాలో గుడ్లో చేపలో అటువంటి మాంసకృత్తులు, మిగిలిన పావు వంతు ధాన్యం పెట్టుకోండి. ఎదిగే పిల్లల కంచంలో అదే ధాన్యం ఇంకొంచెం ఎక్కువ పడుతుంది, పళ్లు గట్టిగా లేని పెద్దావిడకు అదే కూర మరికాస్త మెత్తగా ఉడుకుతుంది. వంట సగంలో ఉండగానే ఆవిడ వాటా తీసి వేరే గిన్నెలో ఇంకొన్ని నిమిషాలు ఉంచితే సరిపోయే పనికి రెండో వంట అక్కరలేదు.

సాయంత్రపు ఆకలి మీ నిగ్రహానికి సంబంధించినది కాదు. మధ్యాహ్న భోజనానికీ రాత్రి భోజనానికీ మధ్య ఏడెనిమిది గంటల ఎడం ఉంటే ఎవరైనా అలాగే తింటారు. ఆఫీసు నుంచి బయలుదేరడానికి ముందే ఏదైనా ఒక పండూ గుప్పెడు గింజలో, ఉడికించిన గుడ్డో తినండి. ఇంటికి వచ్చాక తిందామనుకుంటే వంటగదే ముందు ఎదురవుతుంది. ఇక వంట చేసేటప్పుడు చేతికందేది ఏమిటన్నది కూడా మీరే నిర్ణయించవచ్చు: పొయ్యి వెలిగించే ముందు దోసకాయో క్యారెట్టో తరిగి పళ్లెంలో పెడితే ఆ కాసేపు పిల్లలు కూడా అవే నములుతారు. మామూలుగా కంచంలో వేస్తే ముట్టని కూరగాయను ఆకలి మీద ఉన్న పిల్లలు వంటగది గట్టు మీద నుంచి ఎత్తుకుపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

పిల్లల కంచాల్లో మిగిలేది మొదట ఎక్కువ వడ్డించడం వల్లనే మిగులుతుంది. తక్కువ పెట్టి, కావాలంటే మళ్లీ అడగమనండి. పిల్లల ఆహారం విషయంలో అమెరికాకు చెందిన పోషకాహార నిపుణురాలు ఎల్లిన్ సాటర్ ప్రతిపాదించిన బాధ్యతల విభజన చాలా ఇళ్లలో పనికివచ్చింది. ఏమి పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దల నిర్ణయం. దానిలో ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లల నిర్ణయం. ఇది పాటిస్తే బలవంతపెట్టడం, బతిమాలడం, మిగిలినది మీరు తినడం మూడూ తగ్గుతాయి. కొత్త కూరగాయను ఒకసారి పెట్టి, తినలేదని వదిలేయకండి; చిన్న ముక్క చొప్పున పదిసార్లకు పైగా కనబడితే గానీ అలవాటు పడని పిల్లలు చాలామంది.

ఉప్పు గురించి ఒక మాట. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చెంచాడు కన్నా తక్కువ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అందరికీ ఒకే వంట కాబట్టి ఇక్కడ తగ్గించినది ఇంటిల్లిపాదికీ తగ్గుతుంది.

అన్నిటికన్నా బరువైన పని వండడం కాదు, ఈ రోజు ఏమి వండాలా అని ఆలోచించడం. రెండు వారాలకు సరిపడా రాత్రి భోజనాల పట్టిక ఒకసారి రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. మూడో వారం మొదటికి రండి.

జవాబు – ఎదురుగాలి

పై రెండు జవాబుల్లోనూ తప్పు లేదు. అయినా వాటిని వరుసగా చదివితే, తొలిపొద్దు గారి చేతిలో ఉన్న పనుల మీద మరికొన్ని పనులు చేరాయని ఎవరికైనా కనిపిస్తుంది. గింజలు తెచ్చిపెట్టుకోవాలి, కూరగాయలు ముందుగా తరగాలి, పట్టిక రాయాలి, పెద్దావిడకు వేరే గిన్నెలో ఉడికించాలి, సంచిలో బరువు వేయాలి. ఇవన్నీ ఎవరు చేస్తారు? గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

ఆవిడ రాసినదానిలో నాకు అసలు విషయంగా కనబడినది "నీకు ఎలా వీలైతే అలా చేసుకో" అన్న మాట. అది అనుమతి, అంతే. వీలు కల్పించాలంటే మరొకరు ఏదో ఒక పనిని పూర్తిగా తమ మీద వేసుకోవాలి. పూర్తిగా అన్నమాటను నేను నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే "ఏమి చేయాలో చెప్పు, చేస్తాను" అనే సాయంలో చెప్పే బరువు, గుర్తుచేసే బరువు, సరిగా జరిగిందో లేదో చూసుకునే బరువు పాత మనిషి మీదే ఉండిపోతాయి. మీ వారితో మాట్లాడేటప్పుడు వ్యాయామం గురించి మాట్లాడకండి. వారంలో రెండు సాయంత్రాల గురించి మాట్లాడండి. ఆ రెండు సాయంత్రాలూ ఏమి వండాలో ఆలోచించడం, సరుకులున్నాయో లేదో చూడటం, వండటం, గిన్నెలు సర్దడం మొత్తం ఆయనవే. మీరు ఆ వేళ ఇంట్లో ఉండకపోతే ఇంకా మంచిది, ఉంటే ఉప్పు సరిపోయిందా అని అడుగుతూనే ఉంటారు. హైస్కూలు చదివే అబ్బాయి మరునాటి టిఫిన్ డబ్బాలు కడగడం, తన బట్టలు మడతపెట్టుకోవడం చేయగల వయసులోనే ఉన్నాడు. మొదట్లో ఆ పనులు మీరు చేసినంత బాగా జరగవు. దాన్ని చూస్తూ ఊరుకోవడం మీకు నడక కన్నా కష్టమనిపించవచ్చు.

నిద్రను తగ్గించుకుని తెల్లవారుజామున లేవమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పెద్దవారికి రాత్రికి కనీసం 7 గంటల నిద్ర అవసరమన్నది నిద్ర వైద్యనిపుణుల సంఘాలు 2015లో కలిసి చెప్పిన మాట. 2010లో ప్రచురితమైన ఒక చిన్న పరిశోధనలో, ఆహారం తగ్గించి తింటున్న పదిమందిని రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు ఐదున్నర గంటలు మాత్రమే పడుకోనిచ్చారు. రెండుసార్లూ తగ్గిన బరువు దాదాపు ఒకటే. కానీ నిద్ర తక్కువైనప్పుడు దానిలో కొవ్వు వాటా సగానికన్నా ఎక్కువగా పడిపోయి, ఆ మేరకు కండ పోయింది. పదిమంది మీద జరిగినదాన్ని చివరి మాటగా తీసుకోలేము గానీ, నిద్రను పణంగా పెట్టి బరువు తగ్గాలనుకునేవారు ఆగి ఆలోచించడానికి చాలు.

తొలిపొద్దు

అందరికీ ధన్యవాదాలు. ఎదురుగాలి గారు చెప్పినట్టు రెండు సాయంత్రాల సంగతి మా వారితో మాట్లాడాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, మంగళ, శుక్రవారాలు తీసుకుంటానన్నారు. కానీ మా అత్తగారికి ఇది నచ్చలేదు. కొడుకు వంటగదిలోకి వెళ్లడం కన్నా, ఆవిడ చేసి పెట్టే తీపి పదార్థాలను నేను వద్దనడం ఆవిడను ఎక్కువగా నొప్పిస్తున్నదని నా అనుమానం. ఇంకొకటి, నా చేతి వాచీ రోజుకు పదివేల అడుగులు పూర్తికాలేదని రాత్రి పూట గుర్తుచేస్తూ ఉంటుంది. అది చూసి, ఎలాగూ కాలేదు కదా అని మరునాడు కూడా మానేస్తున్నాను. తప్పిన రోజును ఎలా తీసుకోవాలి?

జవాబు – వానచుక్క

అమ్మాయీ, నేను డెబ్బైకి దగ్గరపడ్డ దానిని, కొడుకూ కోడలి దగ్గర ఉంటున్నాను. మీ అత్తగారి వైపు నుంచి ఒక మాట చెప్పడానికి మాత్రమే రాస్తున్నాను.

ఇంట్లో మా చేతిలో మిగిలిన అధికారం సాధారణంగా ఒకటో రెండో ఉంటుంది. చేసి పెట్టడం అందులో ఒకటి. దాన్ని వద్దంటే పదార్థాన్ని వద్దన్నట్టు మాకు అనిపించదు, మమ్మల్ని వద్దన్నట్టు అనిపిస్తుంది. అందుకని మానమని చెప్పకుండా మరొకటి అడగండి. మీ రక్తపరీక్ష కాగితం ఆవిడకు చూపించండి. డాక్టరు ఏమన్నారో ఆవిడకు పూర్తిగా చెప్పారో లేదో నాకు తెలియదు గానీ, చాలా ఇళ్లలో పెద్దవాళ్లు కంగారుపడతారని దాచిపెట్టి, ఆ తరువాత వాళ్లు సహకరించడం లేదని బాధపడతారు. "సాయంత్రం నేను వచ్చేసరికి ఆకలితో ఉంటాను, తీపి లేకుండా తినదగ్గది ఏదైనా మీరు చేసి ఉంచుతారా" అని అడిగి చూడండి. గరిటె గారు చెప్పిన తరిగిన కూరగాయల పళ్లెం కూడా ఆవిడకే అప్పగించవచ్చు. ఆవిడ చేతికి పని వస్తుంది, మీ చేతి నుంచి పని పోతుంది.

పైగా వ్యాయామం ఆవిడకు కూడా కావాలి. అరవై అయిదు దాటినవారు పడిపోకుండా ఉండటానికి వారంలో మూడు రోజులైనా తూకం నిలిపే కసరత్తులు, బలాన్నిచ్చే కసరత్తులు చేయాలని మా డాక్టరు కూడా చెప్పారు. నడక గారు రాసిన కుర్చీ కసరత్తు నేను రోజూ చేస్తాను. మీరిద్దరూ ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని చేస్తే, ఆవిడ మీ కన్నా కచ్చితంగా వేళ పాటిస్తారని పందెం కాస్తాను. మా వయసులో మాకు టైముకు కొదవ ఉండదు.

జవాబు – నడక

వానచుక్క గారి జవాబుకు నేను కలపవలసిందల్లా, మొదట్లో పెద్దావిడ కుర్చీని గోడకు ఆనించి వేయండి, జరగకుండా ఉంటుంది.

వాచీ సంగతి. పదివేల అడుగులన్నది ఏ వైద్య పరిశోధనలోనూ తేలిన సంఖ్య కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగులు లెక్కించే పరికరానికి "పదివేల అడుగుల మీటరు" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అది ప్రచారంలోకి వచ్చి స్థిరపడింది. సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది స్త్రీలను గమనించి 2019లో ప్రచురించిన పరిశోధనలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారికన్నా 4,400 వేసేవారిలో మరణాలు గణనీయంగా తక్కువగా కనిపించాయి. దాదాపు 7,500 దాటిన తరువాత అదనపు లాభం కనబడలేదు. మీ వయసు వారికి ఆ సంఖ్య కొంత మారవచ్చు, కానీ పదివేలకు తక్కువైతే సున్నా అన్న భావన మాత్రం నిరాధారం. వాచీలో ఆ లక్ష్యాన్ని మార్చుకునే వీలు ఉంటుంది. ఇప్పుడు మీరు మామూలుగా వేస్తున్నదానికి వెయ్యి కలిపి అక్కడ పెట్టండి, రాత్రి గుర్తుచేసే సదుపాయాన్ని ఆపేయండి.

తప్పిన రోజు గురించి లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో 96 మందితో జరిగిన ఒక అధ్యయనం ఉంది. కొత్త అలవాటు దానంతటదే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టిందని, మనిషిని బట్టి, అలవాటును బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారిందని అందులో తేలింది. మధ్యలో ఒక రోజు తప్పడం వల్ల ఆ అలవాటు ఏర్పడటం చెప్పుకోదగ్గంతగా దెబ్బతినలేదు. కాబట్టి తప్పిన రోజును మరునాడు రెట్టింపు చేసి పూడ్చవద్దు. మోకాళ్ల నొప్పులతో నా దగ్గరకు వచ్చేవారిలో అలా పూడ్చబోయినవారు చాలామందే ఉంటారు. చెడ్డ రోజుకు సరిపోయే చిన్న కొలత ఒకటి ముందే అనుకుని ఉంచుకోండి. పాపకు జ్వరం వచ్చిన రోజు, ఆఫీసులో ఆలస్యమైన రోజు భోజనం తరువాత ఐదు నిమిషాలు ఇంట్లోనే అటూ ఇటూ నడిస్తే ఆ రోజు లెక్క తీరిపోయినట్టే.

జవాబు – ఎదురుగాలి

మంగళ, శుక్రవారాలు ఖరారైనందుకు సంతోషం. ఆ రోజుల్లో వంట ఆలస్యమైనా, బయటి నుంచి తెప్పించినా మీరు జోక్యం చేసుకోకండి. గరిటె గారి పట్టికలో ఆ రెండు గడులను ఖాళీగా వదిలి, పెన్ను ఆయన చేతికివ్వండి.

తొలిపొద్దు

అలాగే చేస్తాను. అత్తగారికి ఈ రోజు రిపోర్టు చూపించి అంతా చెప్పాను. సాయంత్రానికి ఏదైనా చేసి ఉంచుతానని ఆవిడే అన్నారు, తీపి మాత్రం ఆదివారం తప్పదని కూడా అన్నారు. ఒప్పుకున్నాను. రక్తపరీక్ష మళ్లీ వచ్చే నెలలోనే చేయించుకుందామనుకుంటున్నాను, మార్పు కనబడుతుందా?

జవాబు – నడక

ఒక నెలకు తొందరపడకండి. ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి. హెచ్‌బీఏ1సీ వాటికి పట్టిన చక్కెరను కొలుస్తుంది కాబట్టి అది గడిచిన రెండు మూడు నెలల సగటును చూపుతుంది. నెలకే చేయిస్తే పాత తిండి లెక్క ఇంకా దానిలో చాలావరకు కలిసే ఉంటుంది, అది చూసి మీరు అనవసరంగా నీరసపడతారు. మూడు నెలలకు చేయించుకోవచ్చునేమో మీ డాక్టరు గారిని అడిగి తేదీ తీసుకోండి. ఈలోగా నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి గానీ, తల తిరగడం గానీ కనబడితే ఆ రోజే ఆయనను కలవండి.